గింజల జేబు

మా ఆయన మొహం చూసి ఏ కాలం నడుస్తోందో చెప్పొచ్చు. చలికాలమంతా చెంపల నిండా గడ్డం. దాన్ని రోజూ దువ్వి, అంచులు సరిచేసుకుంటారు. ఎండలు మొదలవగానే గడ్డం పోయి సన్నటి మీసం మిగులుతుంది. తొలి వాన పడ్డ రోజున ఆ మీసం కూడా తీసేస్తారు. తడిసిన మీసంతో టీ తాగితే టీ అంతా వాన రుచే అని ఆయన ఫిర్యాదు. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి, ఆయన దుకాణం నుంచి నున్నటి మొహంతో ఇంటికొస్తే, "అమ్మా, ఎవరో వచ్చారు" అని తలుపు మూసేసింది. ఆయన బయట వానలో నిలబడి, "నేనేనే తల్లీ, నాన్నని" అని బతిమాలుతుంటే, ఇది లోపలి నుంచి, "అయితే మీసం చూపించు" అంది. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

ఆయన మగవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టర్. బట్టల కత్తెర జుట్టు మీద పెట్టరు, కాగితం మీద అసలే పెట్టరు. గడ్డానికి వేరే కత్తెర, మొక్కలకు వేరే కత్తెర. పొరపాటున నేను పాల ప్యాకెట్ కత్తిరించడానికి బట్టల కత్తెర తీస్తే, వంటింట్లో పాము దూరినంత గోల చేస్తారు.

కాలానికో మొహం ఉన్నట్టే కాలానికో జత ఉంది. ఎండాకాలం తెల్లటి పొట్టిచేతుల చొక్కా. వానాకాలం బురద అంటకుండా వేలెడు పొట్టిగా కుట్టుకున్న ముదురు రంగు ప్యాంటు, పైన పల్చటి జాకెట్టు. చలికాలం గోధుమరంగు ఉన్ని కోటు. అన్నీ ఆయన చేత్తో కుట్టుకున్నవే. అన్నిటికీ లోపల, రెండు పొరల బట్ట మధ్య, ఎవరికీ కనిపించని చిన్న జేబు ఒకటి ఉంటుంది. దాని పేరు గింజల జేబు.

ఆయన పద్ధతి ఇది. ఏ గింజ ఏ కాలం చివర నాటాలో, ఆ కాలమంతా వేసుకునే బట్టలో దాన్ని దాస్తారు. జేబు మూతి సన్నటి కుట్లతో మూసేస్తారు. ఉతికే బట్టయితే ఉతికినప్పుడల్లా గింజలు తీసి, ఆరాక మళ్లీ పెట్టి కుడతారు. బట్ట మడిచి పెట్టెలో పెట్టే రోజు కుట్లు విప్పి, గింజలు తీసి, ఇంటి వెనకున్న జానెడు పెరట్లో నాటుతారు. "ఒంటి వేడికి గింజ మెత్తబడదు. పైగా మర్చిపోయే పని లేదు, కాలం మారితే బట్ట మారక తప్పదుగా" అంటారు. ఒంటి వేడి సంగతి ఎంతవరకు నిజమో నాకు తెలియదు. డబ్బాలో పెట్టినా మొలుస్తాయి కదా అని అడిగితే, "డబ్బాకి ప్రేముంటుందా?" అని ఎదురు ప్రశ్న.

చలికోటు జేబులో ఉండేవి బంతి గింజలు. మామూలు బంతి కాదు. ఎప్పుడో ఒక పసుపు బంతి పువ్వులో ఒక్క రేకుకి సన్నటి ఎర్ర అంచు కనిపించిందట. ఆ పువ్వు గింజలే దాచి నాటారు. మరుసటి ఏడు నాలుగు రేకులకి వచ్చింది. ఏటా మంచి అంచున్న పువ్వునే ఎంచి, మిగతావాటిని వదిలేస్తూ వచ్చారు. మా అమ్మాయి పుట్టి, పెరిగి, చదివి, పెళ్లీడుకు వచ్చేసరికి, ప్రతి రేకు చుట్టూ కాలరుకి పైపింగు కుట్టినట్టు ఎర్ర గీత తిరిగిన పువ్వు తయారైంది. దుకాణంలో అందరూ ఆయన్ని పైపింగు మాస్టరు అంటారు, బట్టల వల్ల కాదు, ఈ పువ్వు వల్ల.

ఆయనకి ఒక్క పట్టుదల ఉండేది. పువ్వులు ఎవరడిగినా ఇస్తారు, గింజ మాత్రం ఇవ్వరు. పక్కింటి నర్సమ్మ ఏటా అడిగేది. "మాస్టారూ, నాలుగు గింజలు పడెయ్యండి, మీ పేరు చెప్పుకుని పెంచుకుంటా." ఈయన దోసెడు పువ్వులు కోసి ఆవిడ చేతిలో పోసి, గింజ మాట దాటేసేవారు. "వాళ్లు పక్కన మామూలు బంతి వేస్తారు, అంచు చెడిపోతుంది" అని నాతో గొణిగేవారు. ఇవ్వడానికే దేవుడు పూయించాడేమో అని నేనంటే, "పూలు ఇస్తున్నానుగా" అనేవారు.

పోయిన చలికాలం అమ్మాయి పెళ్లయింది. అల్లుడు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని చేస్తాడు. నెమ్మదైన కుర్రాడు. కొత్త పెళ్లికొడుకు మొదటిసారి మా ఇంటికి పల్చటి చొక్కాతో వచ్చి, గుమ్మంలో వణుకుతూ నిలబడ్డాడు. ఈయన చటుక్కున కొక్కేనికున్న కోటు తీసి అతని భుజాల మీద వేశారు. వేసి, రెండడుగులు వెనక్కి వెళ్లి చూశారు. భుజం భుజంలో కూర్చుంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. వీపు మీద ఒక్క ముడత లేదు.

"ఏమోయ్, ఇటు రా! ఒక్క కుట్టు విప్పక్కర్లేదు. నాకు కొలిచి కుట్టింది అతనికి సరిపోయింది చూడు!"

"మీకు మరి చలి?" అన్నాడు అల్లుడు.

"నాకు గడ్డం ఉందిగా బాబూ. ఇక ఇది నీదే."

ఆ రాత్రి భోజనాల దగ్గర కొలతల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదాయన. అదే కొంప ముంచింది. భుజం దగ్గరో చేతుల దగ్గరో సరిచేయాల్సి వచ్చి ఉంటే లైనింగు విప్పేవారు, జేబు గుర్తొచ్చేది. అంత బాగా కుదరడం వల్లే మర్చిపోయారు.

గాలిలో వెచ్చదనం తెలిసిన రోజు పొద్దున, ఆయన పాట పాడుకుంటూ గడ్డం తీసేశారు. పెరట్లో మట్టి ముందే తవ్వి, ఎరువు కలిపి, తడిపి ఉంచారు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కొక్కెం వైపు చెయ్యి చాపారు. చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. నేను దేవుడి మూల దగ్గర నుంచి లేచి వచ్చేసరికి సగం తడి మొహంతో మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"కోటు ఇచ్చేశాను కదే."

"ఇచ్చారు. బాగుంది కూడా."

"గింజలతో ఇచ్చేశాను."

వేరే గింజ ఒక్కటి లేదు. పాత మొక్కలు చలికి ఎప్పుడో ఎండిపోయాయి. ఆ పువ్వు ఇక ఉందంటే అల్లుడి కోటు లోపల ఉన్నట్టు, లేదంటే లేనట్టు.

"ఫోన్ చేసి చెబుదాం. చలి తగ్గింది, వాళ్లు ఈ వారమో పై వారమో లాండ్రీకి వేసేస్తారు. వేడినీళ్లలో పడితే ఇంకేముంది?"

"వద్దు. కొత్త అల్లుడికి కోటు ఇచ్చి, దాని జేబులు వెతకమని ఫోన్ చేస్తానా? ఇచ్చింది వెనక్కి అడుగుతున్నాననుకుంటాడు. నువ్వూ చెప్పకూడదు. దేవుడి మీద ఒట్టు."

నా సంగతి తెలిసే ఆ ఒట్టు పెట్టారు. ఇలాంటి వాటికి దేవుడి పేరు వాడుకోవచ్చా అని నాకు సందేహమే, కానీ ఒట్టు ఒట్టే. ఆ వారమంతా ఆయన దుకాణం నుంచి వచ్చి, తవ్విన మట్టి వైపు చూసి, లోపలికి వచ్చేసేవారు. మీసం దిద్దుకోవడం కూడా మానేశారు. నేను చూడలేక, "అమ్మాయిని చూసి చాలా రోజులైంది, వెళ్దాం పదండి" అన్నాను. అది ఒట్టు దాటడం కాదు కదా. ఆయన వెంటనే తెల్లచొక్కా వేసుకున్నారు.

అమ్మాయి వాళ్లది మేడ మీద రెండు గదుల ఇల్లు. మెట్లెక్కేసరికే మాకు చెమట పట్టింది. తలుపు తీసింది అల్లుడు, ఒంటి మీద ఉన్ని కోటుతో. నుదుటి మీద చెమట బొట్లు.

"చూడు నాన్నా ఈయన వాలకం," అంది అమ్మాయి వెనక నుంచి. "ఇల్లు పొయ్యిలా ఉంటే ఈయన కోటు విప్పరు. లాండ్రీకి వేద్దామంటే నా మీద లేచారు."

మా ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"నీకేం తెలుసు?" అన్నాడు అల్లుడు. మంచినీళ్లు ఇచ్చి, మా ఎదురుగా కూర్చుని, నా వైపు తిరిగి సిగ్గుగా నవ్వాడు. "అత్తయ్యగారూ, మీరు చెప్పకపోయినా నేను కనిపెట్టేశాను లెండి."

"ఏం కనిపెట్టావు బాబూ?"

అతను కోటు ఎడమవైపు, గుండె మీద అరచెయ్యి పెట్టాడు. "లోపల ఏదో పొట్లం కుట్టి ఉంది. కుర్చీలో వెనక్కి వాలినప్పుడు చిన్నగా చప్పుడైంది. విప్పలేదు. మీరు రోజూ ప్రార్థన చేస్తారని మీ అమ్మాయి చెప్పింది. నాకు మేలు జరగాలని దేవుడి దగ్గర పెట్టింది ఏదో అందులో పెట్టి కుట్టించారని అర్థమైంది. షాపులో నన్ను కొన్నాళ్లు పని చూసి ఖాయం చేస్తామని పెట్టుకున్నారు కదా, యజమాని పక్కన నిలబడితే చెయ్యి వణికి అద్దాలు చిట్లేవి. రోజూ పొద్దున ఇలా చెయ్యి పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లేవాణ్ణి. వణుకు పోయింది. పోయిన వారమే ఉద్యోగం ఖాయం చేశారు."

అమ్మాయి నోరు తెరిచింది. గింజల జేబు సంగతి దానికి తెలియదా? వెంటనే మా ఆయన వైపు చూసి, నోరు మూసుకుంది. దాని కళ్లలో నవ్వు పొంగుతోంది.

నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. ఈయన నా వెనకే వచ్చారు.

"ఒక పని చెయ్యండి," అన్నాను మెల్లగా. "అది దీవెనే అనండి. చలి పోయాక విప్పి మట్టిలో కలపాలి, ఇటివ్వు అనండి. సగం నిజమే కదా."

"దేవుడి పేరు చెప్పి నా గింజలు లాక్కోనా?"

"మరి వదిలేస్తారా?"

ఆయన పొంగబోతున్న టీ కింద మంట తగ్గించారు. "వదిలేస్తే అతను లేనిదాన్ని నమ్ముతూ ఉంటాడు. అడిగితే పరువు పోతుంది. పరువుదేముందిలే, రేపు మళ్లీ కుట్టుకోవచ్చు."

ఆ మాటకు నేను టీపొడి రెండుసార్లు వేసేశాను. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని చూసి గర్వపడిన సందర్భాలు చాలా ఉన్నాయి కానీ, ఆ వంటింట్లో చిక్కటి టీ ముందు నిలబడినంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.

ఆయన బయటికి వెళ్లి అల్లుడి పక్కన కూర్చున్నారు. "బాబూ, మీ అత్తయ్య అందులో ఏమీ పెట్టలేదు. అవి నా బంతి గింజలు. కోటు నీకు కుదిరిందన్న సంబరంలో తియ్యడం మర్చిపోయాను. వాటి కోసమే వచ్చాను."

అల్లుడి మొహం పాలిపోయింది. గుండె మీది చెయ్యి మెల్లగా దిగింది.

"అయితే నేను ఇన్నాళ్లూ దణ్ణం పెట్టుకున్నది బంతి గింజలకా?"

అమ్మాయి ఇక ఆపుకోలేక పడీ పడీ నవ్వింది. ఈయన నవ్వలేదు.

"నేను ఏడాది పొడుగునా వాటికి వంగి వంగే బతుకుతున్నాను బాబూ. నువ్వు ఒక్క చలికాలమేగా," అన్నారు. "చెయ్యి వణకకుండా అద్దం బిగించింది మాత్రం నువ్వే."

అల్లుడు కోటు విప్పి ఆయన ఒళ్లో పెట్టాడు. ఈయన జేబులోంచి చిన్న కత్తెర తీసి, ఆ కనిపించని కుట్లు ఒక్కొక్కటే తెంపారు. నల్లటి సూదుల్లాంటి గింజలు సాసరులోకి జారాయి. ఒక్కటీ చెడలేదు. ఒంటి వేడి మాట నిజమేనేమో అనుకున్నాను.

ఆయన వాటిని వేలితో రెండు కుప్పలు చేశారు. పెద్ద కుప్పని అల్లుడి వైపు జరిపారు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను, నర్సమ్మకి నాలుగు గింజలివ్వని మనిషి మొహంలోకి.

"పక్కన వేరే బంతి వెయ్యకు. మొదటి పువ్వు కొయ్యకు. అంచు సరిగ్గా లేని మొక్క గింజ దాచకు," అన్నారు. "మిగతాది నీ ఇష్టం."

"నాకు మొక్కలు పెంచడం తెలియదు మావయ్యగారూ."

"నాకూ తెలియదు. బట్ట సంగతి తెలుసు, అంతే."

అల్లుడు గింజల వైపు, ఖాళీ జేబు వైపు చూశాడు. "నాలుగు గింజలు లోపలే ఉంచి కుట్టెయ్యండి. దీవెన కాకపోతే ఏం, మీ చేతివి కదా."

ఈయన సూది అడిగారు. దారం ఎక్కించబోతే చెయ్యి కుదరలేదు. గింజల్ని చూసిన సంతోషమో, ఇంకేమిటో. అల్లుడు సూది తీసుకుని, కిటికీ వెలుగులో ఒక్క ఊపులో ఎక్కించి ఇచ్చాడు. కళ్లద్దాలు బిగించే చెయ్యి, ఇసుమంతైనా వణకలేదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని జేబు మూస్తుంటే, టీ చల్లారిపోయింది.

అతని దణ్ణం ఎక్కడికి చేరి ఉంటుందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. గింజల దగ్గరే ఆగిపోయిందా, దాటి వెళ్లిందా? నేను ప్రార్థనలో అడిగాను. జవాబు ఇంకా రాలేదు.

పూలు మాత్రం వచ్చాయి. మా పెరట్లో ఎప్పట్లాగే వచ్చాయి. అమ్మాయి వాళ్ల కిటికీ గట్టు మీద, పాత బకెట్లలో, మావాటికంటే సన్నటి అంచుతో వచ్చాయి. ఈయన ఒక పువ్వుని కాలరు తిప్పి చూసినట్టు వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇంత నీటుగా నాకెప్పుడూ రాలేదు" అన్నారు. బస్సులో పక్కన కూర్చున్న ఇద్దరికి అదే చెప్పారు. ఆ సాయంత్రమే నర్సమ్మని పిలిచి, ఈసారి గింజలు కట్టగానే ఆవిడకి తప్పకుండా ఇస్తానన్నారు. ఆవిడ నమ్మలేదు. రెండోసారి చెప్పించుకుంది.

తొలి వాన పడ్డ రోజు మేము మళ్లీ వెళ్లాం. ఈయన నున్నటి మొహంతో తలుపు కొట్టారు. తీసింది అల్లుడు. వేసవంతా మావయ్యలా సన్నటి మీసం పెంచినవాడు, అతనూ నున్నగా ఉన్నాడు. లోపలి నుంచి అమ్మాయి వచ్చి, గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడ్డ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, ఎవరో వచ్చారు," అంది నాతో. "నువ్వొక్కదానివే లోపలికి రా."