మూడు గౌన్ల పిల్ల

మా ఇషితకు ఏడుపు రావడం లేదు. వారం రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ.

ఇషిత నా మనవరాలు, నాలుగో తరగతి. ఘాజియాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనకే దాని బడి. ఆ బళ్ళో ఏటా ఏదో ఒక వారం జరుపుతారు. ఒకసారి నీళ్ళ వారం, ఒకసారి చెట్ల వారం. ఈసారి ప్రపంచ పౌరుల వారం. ఇల్లూ ఊరూ వదిలి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చే జనం గురించి పిల్లలకు తెలియాలని నాలుగో తరగతి చేత శరణార్థుల శిబిరం నాటిక వేయిస్తున్నారు. ఆలోచన మంచిదే. అందులో మా పిల్ల ఏడో నంబరు శరణార్థి. మాటల్లేవు. సత్తుగిన్నె పట్టుకుని డేరా ముందు పది నిమిషాలు దిగులుగా కూర్చుంటే చాలు. ఆ కూర్చోవడమే దీనికి చేతకావడం లేదు. పక్కన ఆరో నంబరు అర్జున్ గాడు తుమ్మినా సరే, కిసుక్కున నవ్వేస్తోంది.

మా కోడలు భవ్యశ్రీ పట్టుదల మనిషి. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగుల మధ్య మ్యూట్ నొక్కి మరీ కూతురికి ఏడుపు నేర్పుతోంది.

"మన కుక్కపిల్ల తప్పిపోయిందనుకో ఇషూ."

"మమ్మా, హమారే పాస్ కుత్తా హై హీ నహీఁ" అని, మనకు అసలు కుక్కే లేదంటూ అది పొట్ట పట్టుకుని నవ్వింది.

ఉల్లిపాయ కూడా ప్రయోగించారు. తరిగిన పాపానికి నాకొచ్చాయి కన్నీళ్ళు.

ఇది చాలదన్నట్టు బడి నుంచి ఇంకో చీటీ వచ్చింది, పిల్లలను చిరిగిన బట్టల్లో పంపమని. మా అపార్ట్‌మెంట్లలో చిరిగిన బట్టలు ఎవరింట్లో ఉంటాయి? భవ్యశ్రీ ఫోన్లో కొత్త గౌను తెప్పించి, సోఫా మీద పరిచి, కత్తెర అందుకుంది. మురికి పట్టినట్టు ఉండాలని టీ డికాక్షన్‌లో ముంచింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొత్త గుడ్డ ఎవరైనా చింపుతారా? అలాంటివాళ్ళు చింకి బట్టలతో వస్తారని నీకెవరు చెప్పారమ్మా?"

"టీవీలో చూస్తున్నాంగా అత్తయ్యా. ఇంకెలా వస్తారు?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. మింగడం నాకు యాభై ఏళ్ళ అలవాటు.

మీ దగ్గర దాపరికమెందుకు, చెప్పేస్తాను. నేను పుట్టింది రంగూన్‌లో. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అరవై నాలుగులో, అక్కడి సర్కారు మిల్లులూ అంగళ్ళూ లాక్కోవడంతో మనవాళ్ళకు అక్కడ ఇక నూకలు చెల్లిపోయాయి. బర్మా నుంచి ఓడెక్కి విశాఖపట్నంలో దిగాం. మూడేళ్ళు క్యాంపులోనే ఉన్నాం. తర్వాత ఎప్పుడో పెళ్ళిచూపుల్లో మా అత్తగారికి నేను నచ్చాను, క్యాంపు సంగతి నచ్చలేదు. "పుట్టిల్లు వైజాగని చెప్పండి చాలు. ఆ బర్మా మాట మా వీధిలో ఎత్తొద్దు" అంది. ఎత్తలేదు. మా చెల్లెలు కృష్ణకుమారి చేత కూడా ఒట్టు వేయించాను. మా అమ్మానాన్నలు త్వరగానే పోయారు. అత్తగారూ పోయింది, మా ఆయన సదాశివరావు గారూ పోయారు. నా నోటికి వేసిన తాళం మాత్రం ఎవరూ తీయలేదు. మా అబ్బాయి రాజీవ్‌కి కూడా ఈ సంగతి తెలియదు.

బుధవారం ఇషితను తీసుకురావడానికి వెళితే గేటు దగ్గర ప్రీతి మేడం ఆపింది. ఇషిత క్లాస్ టీచరు. ఆవిడ మాట్లాడేది హిందీ, నేను మాట్లాడేది ఈ పన్నెండేళ్ళలో కూరగాయల బళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ. మీకు తెలుగులోనే చెబుతాను.

"ఆంటీ జీ, మీ ఇషిత మంచి పిల్లే. కానీ సీరియస్‌గా ఉండలేకపోతోంది. రేపు ఆఖరి రిహార్సల్. రేపూ నవ్విందంటే ఆ చోట తేజశ్రీని కూర్చోబెట్టక తప్పదు. ఏమనుకోకండి."

గేటు దాటామో లేదో ఇషిత బావురుమంది. వారమంతా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గోల్‌గప్పా బండి దగ్గర నిలబెట్టి ముక్కు తుడిచాను.

"ఏటే, ఇప్పుడేటయిందని?"

"నానమ్మా, రెఫ్యూజీ బచ్చే కభీ నహీఁ హస్తే క్యా?" అంది వెక్కుతూ.

"ఎందుకు నవ్వరు? నవ్వుతారు."

"ఆప్‌కో కైసే పతా?" నీకెలా తెలుసని నిలదీసింది.

"ఎవరో చెప్పారులే" అన్నాను.

ఆ మాట అన్నాక నాకు చచ్చేంత సిగ్గేసింది. డెబ్భై ఏళ్ళు నెత్తి మీదికొచ్చాక తొమ్మిదేళ్ళ పిల్ల ముందు అబద్ధమాడాను, అదీ నా గురించే. ఇల్లు చేరేదాకా దాని ముఖం చూడలేకపోయాను.

మర్నాడు గేటు దగ్గర ఆగకుండా తిన్నగా లోపలికి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. హాల్లో దుప్పట్లతో డేరాలు కట్టారు. పిల్లలందరూ తలలు వేలాడేసి కూర్చున్నారు. ఒకడైతే చింకిబట్టల లెక్కకు ఖరీదైన చిరుగుల జీన్స్ వేసుకొచ్చాడు. మా ఇషిత బుగ్గలు లోపలికి కొరుక్కుని పాపం చాలా కష్టపడింది. అయిదు నిమిషాలు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత అర్జున్ చేతిలో గిన్నె జారి టంగుమంది. ఇషిత నవ్వింది.

"లేచి ఇలా వచ్చెయ్ బేటా" అంది ప్రీతి మేడం, నెమ్మదిగానే. తేజశ్రీ లేచి వచ్చింది. ఇషిత తన గిన్నెను ఆ పిల్లకు ఇచ్చేసి గోడవైపు నడిచింది. నా కాళ్ళే నన్ను లేపి నిలబెట్టాయి.

"మేడం, అది సరిగ్గానే చేస్తోంది. నాకు తెలుసు. నేను క్యాంపులో ఉన్నదాన్ని."

ఇషిత నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. ముందుగా తేరుకున్నవాడు అర్జున్.

"దాదీ, అక్కడ బాత్రూం ఉండేదా?"

"ఉండేది. నలభై ఇళ్ళకు ఒకటి."

అంతే, పిల్లలందరూ వచ్చి నా చుట్టూ చేరారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మాకు చింకి బట్టలు లేవర్రా. రంగూన్ రేవులో పెట్టెలు వెతికి నగానట్రా ఉంచేసుకున్నారు. ఒంటిమీద గుడ్డలు ఎవరూ విప్పరు కదా అని మా అమ్మ ఉన్నవాటిలో మంచి గౌన్లు మూడు ఒకదానిమీద ఒకటి నాకు తొడిగింది. మా చెల్లికీ మూడు. చేతులు కిందికి దిగేవి కావు. విశాఖపట్నంలో ఓడ మెట్లు దిగుతూ చెల్లి వచ్చి నా మీద పడింది. నేను వెళ్ళి పోలీసాయన మీద పడ్డాను. లేవలేక ఇద్దరం అక్కడే దొర్లాం. ఒకటే నవ్వు. మా అమ్మ 'నవ్వకండే, ఊరోళ్ళు సూత్తన్నారు' అని కొంగు నోట్లో కుక్కుకుని తనూ నవ్వింది. ఇల్లు వదిలాక మా అమ్మ నవ్వడం అదే మొదలు."

"మరి ఏడవలేదా ఆంటీ జీ?" అంది ప్రీతి మేడం.

"ఎందుకు ఏడవలేదు? మా అమ్మ దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేది. మేం నిద్రపోయినట్టు నటించేవాళ్ళం. తెల్లారేసరికి కుళాయి దగ్గర నా బిందె ముందంటే నా బిందె ముందని జుట్లు పట్టుకునేవాళ్ళం. రెండూ నిజమే."

ఆవిడ చేతిలో కాగితాలు తిప్పింది. "కానీ చూసేవాళ్ళకు దుఃఖం కనబడకపోతే జాలి ఎలా కలుగుతుంది?"

"జాలికి మాకేం కొదవ రాలేదమ్మా. దుప్పట్లు ఇచ్చారు, పాలపొడి ఇచ్చారు, వాళ్ళ కడుపు చల్లగుండ. కానీ అందరికీ మేం బర్మా పిల్లలమే. నీ పేరేమిటని నన్ను అడిగింది ఒక్క పంతులమ్మ. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు."

ప్రీతి మేడం మొండి మనిషేమో అనుకున్నాను, కాదు. ఎర్ర పెన్ను తీసి నంబర్లన్నీ కొట్టేసింది. పిల్లలందరూ ఇంటికి వెళ్ళి తలొక పేరు, తలొక ఊరు తెచ్చుకోవాలంది. బట్టలు మంచివే వేసుకు రమ్మంది, ఎన్ని పడితే అన్ని. తేజశ్రీ గిన్నెను తిరిగి ఇషిత చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం ఉప్మా తింటూ ఇషిత నా చెవి దగ్గరికి వచ్చింది. "నానమ్మా, మై ఆప్‌కా నామ్ లే లూఁ?"

నాటికలో నా పేరు పెట్టుకుంటుందట. శనివారం నాటికకు రాజీవ్ వస్తాడు, భవ్యశ్రీ వస్తుంది. నేను చెప్పేదాకా ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని ఇషితను ముందే బతిమాలుకున్నాను. వాళ్ళకు ఈలోపు నేనే చెప్పొచ్చు. చెప్పాలనే వాళ్ళున్న గదిలోకి రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి కరెంటు బిల్లు గురించి, ఇంకోసారి పెరుగు తోడు గురించి మాట్లాడి వచ్చేశాను. పిరికితనానికి మందు లేదు.

"తీసుకోవే" అన్నాను చివరికి.

శనివారం హాలు కిటకిటలాడింది. నాకు ఒకవైపు రాజీవ్, ఇంకోవైపు భవ్యశ్రీ. తెర లేచింది. పిల్లలు లెహంగాల మీద స్వెటర్లు, షేర్వాణీల మీద రెయిన్‌కోట్లు వేసుకుని గుండ్రంగా దొర్లుకుంటూ వచ్చారు. కుళాయి దగ్గర బకెట్ల పోట్లాట నేర్పిన దానికంటే గట్టిగానే జరిగింది. జనం విరగబడి నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి పేరు చెబుతుంటే, ఎవరూ అడక్కుండానే నవ్వులు ఆగిపోయాయి.

ఇషిత వంతు వచ్చింది. మూడు గౌన్లు, కిందికి దిగని చేతులు.

"మేరా నామ్ అనసూయ హై. మై నౌ సాల్ కీ హూఁ. రంగూన్ సే ఆయీ హూఁ." ఓడ మెట్ల దగ్గర పడిపోయిన సంగతి చెబుతూ మధ్యలో నవ్వింది. ఎవరూ ఆపలేదు.

"మీ పేరే పెట్టుకుంది చూడండి అత్తయ్యా" అని చప్పట్లు కొడుతూ నా వైపు తిరిగిన భవ్యశ్రీ, నా ముఖం చూసి చేతులు దించేసింది.

రాజీవ్ వంగి నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మనది వైజాగ్ కదా?"

"వైజాగేరా. ఓడ దిగింది అక్కడే."

వాడికి అచ్చం మా అత్తగారి ముక్కే వచ్చింది. ఆ ముక్కును చూస్తే నాకు ఇప్పటికీ బెరుకు. ఇన్నేళ్ళూ ఎందుకు దాచావంటాడేమో, నలుగురిలో పరువు తీశావంటాడేమో అని భయమేసింది. వాడు అటు తిరిగి, పక్క సీట్లో ఫోన్‌తో వీడియో తీస్తున్న ఆయన భుజం తట్టాడు.

"భాయీ సాబ్, ఆ పిల్ల చెబుతోందే, రంగూన్ అనసూయ, ఆవిడ మా అమ్మ. ఇదిగో, ఇక్కడే ఉంది."

చొక్కా పట్టి లాగినా వాడు ఆగలేదు. వెనక వరుసకూ చెప్పాడు. వాడి గొంతులో ఉన్నది కోపం కాదు, గర్వం. అది నాకు అర్థమయ్యేసరికి కళ్ళు మసకబారాయి. ఆ వీడియో ఆయన భార్య తన కుర్చీలోంచి ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కడ మీ ఇల్లు ఎలా ఉండేది ఆంటీ జీ?"

అరవై ఏళ్ళలో ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. రాజీవ్ నా వైపు జరిగాడు. భవ్యశ్రీ మోగుతున్న ఫోన్‌ను చూడకుండానే కట్టేసింది.

"టేకు చెక్క ఇల్లు" అన్నాను. "మిల్లు వెనకే. పదకొండు మెట్లు ఎక్కాలి. పై మెట్టు మీద మా అమ్మ కూర్చుని మాకు జడలు వేసేది."

స్టేజి మీద తెర పడింది. మా వరుసలో ఎవరూ లేవలేదు.