పద్నాలుగో నంబరు

అక్క పరిశోధన ఒక్క ప్రశ్న మీద నడుస్తోంది. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలకు వ్యాయామంలో దమ్ము తగ్గుతుందా, లేదా? అందుకు వాడేవాళ్ళు పదిమంది, వాడనివాళ్ళు పదిమంది కావాలి. వాడనివాళ్ళలో ఒకమ్మాయి మొహం చాటేసేసరికి అక్క కన్ను నామీద పడింది.

వంటింట్లో అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే అక్క నా ఫారం నింపింది. "ఎత్తు, బరువు... మాత్రలా? నీకెందుకులే పొట్టీ!" అని నవ్వి, తనే 'లేదు' దగ్గర టిక్కు పెట్టేసింది. నేనూ నవ్వాను. నిజానికి ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. నెలసరి నొప్పికని డాక్టరమ్మ రాసిచ్చిన మాట నిజమే. నొప్పి తగ్గాక కూడా ఆపకపోవడానికి కారణం వేరు. ఆ కారణం అమ్మ ముందు ఎలా చెప్పను?

ప్రయోగశాలలో రక్తం తీశారు. మూతికి గొట్టమున్న ముసుగు బిగించి, ఇక నావల్ల కాదనేదాకా సైకిలు తొక్కించారు. రోజూ పరుగెత్తేదాన్ని, అక్క అనుకున్నదానికంటే చాలా ముందే చేతులెత్తేశాను. మాత్రల వల్లో, ముందురోజు సరిగ్గా నిద్రలేకో నాకైతే తెలియదు. అక్క కంగారుపడి అందర్నీ బయటికి పంపి నా పక్కన కూర్చుంది.

"మందులేమన్నా వాడుతున్నావా? అమ్మకు చెప్పనులే."

అక్కడ అమ్మ లేదు. అయినా అక్క కళ్ళలోకి సూటిగా చూస్తూ "లేదక్కా" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

రెండు వారాల తర్వాత రెండో పరీక్షకు వెళ్ళి బూట్లు కట్టుకుంటున్నాను. పక్కగదిలో అక్కను తన గైడు సార్ కడిగేస్తున్నారు.

"పద్నాలుగో నంబరు రక్తం ఒకటి చెబుతోంది, నీ ఫారం ఇంకొకటి చెబుతోంది. నీ లెక్కలు ఇక ఎలా నమ్మమంటావ్?"

ఆ నంబరు నాది. అది ఎవరిదో సార్‌కి తెలియదు.

"పొరపాటు నాదే సార్. అడక్కుండానే టిక్కు పెట్టాను."

"తర్వాతైనా అడిగావా?"

"లేదు సార్."

నాకోసం అబద్ధమాడింది. లేచి వెళ్ళి నిజం చెప్పాల్సింది నేను. లేసులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మొత్తం ఇరవైమందితో మళ్ళీ మొదట్నుంచి చేయమన్నారు సార్. అంటే అక్క ఆర్నెల్ల కష్టం నీళ్ళపాలు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"రక్తం రిపోర్టు ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"పదిరోజులైంది."

"నన్ను ఇంకోసారి అడగొచ్చు కదక్కా."

"అడుగుదామనే అనుకున్నా. మళ్ళీ లేదంటావేమోనని భయమేసిందే."

అననని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పకుండానే లేసులవైపు వంగాను. అడిగుంటే లేదనే అనేదాన్ని.