చూడకుండా గీసిన బొమ్మ

పట్నం బస్సు నారాయణఖేడ్‌లో ఆగేసరికి ఎండ మాడ్చేస్తోంది. మాణిక్యప్ప బట్టల మూటను బస్సులోనే మరిచి దిగితే, ఎవరో కేకేసి అందించారు. పుస్తకాన్ని మాత్రం మరవలేదు. పాత ఉర్దూ పత్రికలో చుట్టి, సంగారెడ్డి దాటినా జోగిపేట దాటినా ఒళ్లోంచి దించకుండా తెచ్చాడు. తల్లిని దవాఖానకు తీసుకుపోవాల్సిన పుస్తకం మరి.

సంగతేమిటంటే, అతని తల్లి కాశమ్మకు దసరా నుంచి దగ్గు పట్టుకుంది. మొదట మిరియాల కషాయంతో పోతుందనుకున్నారు. తర్వాత బీదరు నుంచి చూర్ణాలు తెప్పించారు. సంక్రాంతి దాటాక ఉమ్మిలో ఎర్రచార కనబడింది. పట్నంలో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న ఈ చిన్నకొడుకు, పెద్ద దవాఖానలో ఒక డాక్టరును కాళ్లావేళ్లా పడి బతిమాలి, మంచం ఇస్తామనే మాట సంపాదించాడు. వానలు పడకముందే తీసుకురా, ఆ తర్వాత నాదేం లేదు అన్నాడాయన. ఇంత జరిగినా కాశమ్మ కదిలితేగా. శనగలు ఇంటికి రానిమ్మంది, కోడలు నీళ్లాడనిమ్మంది. ఉగాదికి వచ్చిన కొడుకు మరీ పట్టుబట్టేసరికి, "నీ బొమ్మలు అచ్చయిన బుక్కు తే. గది సూసినంక ఒస్త," అని మాటిచ్చింది. కాశమ్మలో వెయ్యి లోపాలుండొచ్చు గాని, ఇచ్చిన మాట తప్పే అలవాటు లేదు.

ఇక ఆ రెండు నెలలూ మాణిక్యప్ప తిండి తిన్నాడో లేదో అతనికే తెలియదు. బొమ్మల బడిలో అది మూడో ఏడు. చాదర్‌ఘాట్‌లో నలుగురు కలిసి ఉండే గదికి ఒకటే కిటికీ. వెలుతురున్నంతసేపు దాని దగ్గర కూర్చోవడానికి వంతులు. పొద్దున్నే ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని, అఫ్జల్‌గంజ్‌లో జట్కా గుర్రాలను గీయడానికి పోయేవాడు. గుర్రం మెడ దాకా వచ్చేసరికి సవారీ దొరికి జట్కా కదిలిపోయేది. అతని దగ్గరున్నవన్నీ సగం గుర్రాలేనని గదిలోవాళ్లు ఏడిపించేవాళ్లు.

అలాంటివాడికి రెండో తరగతి తెలుగు వాచకానికి పన్నెండు బొమ్మలు గీసే పని వచ్చింది. అవి రాతి మీద గీసి అచ్చు వేసే రోజులు. నున్నగా అరగదీసిన రాయి మీద జిడ్డు సిరాతో గీస్తారు. రాయి మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమకు వస్తుంది, అందుకని అంతా తిరగేసి గీయాలి. ముందు కాగితం మీద గీసుకుని, దాన్ని అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని రాయి మీదికి దించుతారు. ఆ విద్యలో మాణిక్యప్పను మించినవాడు బడిలో లేడు. కొత్తగా చేరినవాళ్లు అతని దగ్గరే నేర్చుకునేవాళ్లు.

పదకొండు బొమ్మలు అలాగే గీశాడు. పన్నెండోది జొన్నలు విసురుతున్న ఆడమనిషి బొమ్మ. దానికి కాగితమూ అద్దమూ ఎందుకనుకున్నాడు. కళ్లు మూసుకుంటే విసుర్రాయి ముందు తల్లి కనిపించింది. నేరుగా రాయి మీదే గీశాడు. ఒక్క పూటలో అయిపోయింది. అంత జీవమున్న గీత అతని చేతిలోంచి అంతకుముందు రాలేదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవలసిందే. ఆ కాగితం బస్సుకు ముందురోజు అచ్చు దిగింది. గీత ఎక్కడైనా తెగిందా, నలుపు ముద్ద కట్టిందా అని చూశాడు. పనివాళ్లు చూసేది అదే. కుట్టించి, చంకన పెట్టుకుని బయలుదేరాడు.

ఇంట్లో కాశమ్మ గోడకానుకుని కూర్చుంది. పక్కన మేనత్త నీలమ్మ, ఎడ్లను కట్టేసి వచ్చిన అన్న సంగయ్య. మాణిక్యప్ప ఒక్కో పేజీ తిప్పుతూ చూపించాడు. బండి బొమ్మ చూసి కాశమ్మ, ఇది మన సంగయ్య బండే అని నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది. చివరి బొమ్మ దగ్గర అతను ఆగాడు.

"గిది నువ్వే అవ్వా," అన్నాడు. తల్లిని వాళ్లు అవ్వ అనే పిలుస్తారు. "అన్నిటికీ కాయితం మీద గీసుకున్న గని నీకు గీసుకోలే. సూడకుండనే గీసిన."

"నన్ను సూడకుండనే గీసినవా?"

"సూడకుండనే. నువ్వు నా చేతులల్లనే ఉన్నవు."

కాశమ్మ ఆ బొమ్మను వేలితో తడిమింది. ఎన్నో నెలలుగా ఆ ముఖంలో లేని తేట ఒకటి వచ్చింది. మాణిక్యప్ప పొంగిపోయాడు. ఇంతలో నీలమ్మ పుస్తకం అందుకుని, కళ్లు చికిలించి చూసి, "కొంగేంది గిట్లున్నది," అంది.

అప్పుడు చూశాడు మాణిక్యప్ప. బొమ్మలో కొంగు కుడి భుజం మీద ఉంది. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కొంగును ఎడమ భుజం మీదే వేసుకుంటారు. కుడి భుజం మీదికి వేసేది ఒక్కసారే. అది కూడా తను వేసుకునేది కాదు, ఆఖరి స్నానం చేయించి పక్కవాళ్లు వేసేది. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది అతని పని.

గూట్లోంచి అద్దం తెచ్చి బొమ్మ ముందు పెట్టాడు. రాయి సంగతి చెప్పాడు, తన తొందర సంగతి చెప్పాడు. "సూడు అత్తా, అద్దంల ఎడమ దిక్కే ఉన్నది," అన్నాడు.

"అద్దంలున్నదాన్ని ఏం జేసుకుంటం. బుక్కుల ఎట్లున్నదో గది జెప్పు," అంది నీలమ్మ. పొద్దుగూకేలోపల వాడకట్టంతా ఆ మాటే.

మర్నాడు సంగయ్య తమ్ముణ్ణి పశువుల కొట్టం దగ్గరికి పిలిచాడు. మూడేళ్లుగా ఒంటిచేత్తో సేద్యం చేసి తమ్ముణ్ణి చదివిస్తున్న మనిషి, ఏ రోజూ ఒక్క మాట అన్నవాడు కాదు. "నాకు గా శకునాల మీద నమ్మకం లేదు తమ్మీ. గని తొవ్వల ఏమన్నయితే, బొమ్మ జెప్పినంక గూడ తీస్కపోయిండని ఊరంత నా మీద ఉమ్మేస్తరు. అయినా సరే. అవ్వ ఊ అన్నదంటె నేనే ఎత్తి బస్సుల కూసోబెడ్త," అన్నాడు.

మూడో రోజు పొద్దున వాకిట్లో బండి కట్టి సిద్ధంగా ఉంది. కాశమ్మ అరుగు మీద కూర్చుంది. మూట కట్టుకోలేదు. పుస్తకం మాత్రం ఒళ్లో ఉంది.

"నువ్వు మాటిచ్చినవ్ అవ్వా," అన్నాడు మాణిక్యప్ప.

"ఇచ్చిన. తప్పుతున్న. ఏమన్న అనుకో."

"గా కొంగు సంగతి మనసుల వెట్టుకోకు. తప్పు నాది. నువ్వేం జేస్తవ్."

"తిరగబడి అచ్చయింది, గంతే గద. నాకు తెల్వదా. నీలమ్మ లెక్క నేనేం పిచ్చిదాన్నా."

మాణిక్యప్ప అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "మరెందుకు రావు?" అని మెల్లగా అడిగాడు.

కాశమ్మ దగ్గు తగ్గేదాకా ఆగి చెప్పింది. "నాకు సావంటె భయం లేదు బిడ్డా. మీ నాయన పోయి పదేండ్లాయె. ఆయన మొకం ఇప్పుడు నాకే యాదికొస్తలేదు. నువ్వేమో పట్నంల ఉంటివి, ఏడాదికి రెండు తాపలొస్తివి. నేను సుత గట్లనే పోత, నా బిడ్డకు నా మొకమే యాదుండదని రంది వెట్టుకున్న. గందుకే గా చూర్ణాలన్ని మింగిన. పట్నం సుత ఒస్తనన్న. మొన్న నువ్వు నన్ను సూడకుండనే గీసిన అన్నవు సూడు, గప్పుడే నా రంది తీరింది. నేను ఎదురుంగ లేకున్న నీ చేతికొస్తున్న. ఇగ ఆ దవాఖానల పడి సూదులు పొడిపించుకునుడు ఎవల కోసం. నా ఇంట్ల నన్నుండనీ."

మాణిక్యప్ప ఆమె ఒళ్లోని బొమ్మను చూశాడు. ఈ రెండు రోజుల్లో దాన్ని చాలాసార్లు చూశాడు, కొంగు కోసం కాదు. బొమ్మలో బుగ్గలు నిండుగా ఉన్నాయి. కాశమ్మ బుగ్గలు ఎప్పుడో లోపలికి పోయాయి. ఆమె కనుబొమ్మ మీద పొయ్యి దగ్గర కాలిన మచ్చ ఉంది, అది ఎప్పుడు కాలిందో కూడా అతనికి తెలియదు. బొమ్మలో మచ్చ లేదు. అసలామె విసుర్రాయి ముందు కూర్చోక ఆరు నెలలు దాటింది. బడిలో గీసి గీసి చేతికి అలవాటైన ఏదో ఒక ఆడమనిషిని గీసి, అది అవ్వ అన్నాడు, అంతే.

ఆ మాటే చెప్తే చాలు. అవ్వా, గా బొమ్మల ఉన్నది నువ్వు కాదు, నీ మొకం నాకు ఇప్పటికీ రాదు అంటే చాలు. పాత దిగులు మళ్లీ పట్టుకుంటుంది, ఆ రందితోనే లేచి బండెక్కుతుంది. బతుకుతుందేమో కూడా. చెప్పాలనే నోరు తెరిచాడు. కాశమ్మ అతని వంక చూసి నవ్వుతోంది. పంట ఇల్లు చేరాక మనిషి ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. ఆ నిమ్మళాన్ని తన చేత్తో లాక్కోవడానికి అతనికి గుండె చాలలేదు. పిరికితనమో ప్రేమో ఆ క్షణాన అతనికి తెలియలేదు. తర్వాతా తెలియలేదు.

బజారులో బస్సు హారన్ మోగింది. సంగయ్య బండి దగ్గర్నుంచి, "ఏమంటది తమ్మీ," అని అడిగాడు.

"రాదంట," అన్నాడు మాణిక్యప్ప.

పరీక్ష ఉందని మర్నాడు తల్లే అతన్ని తోలింది. మృగశిర వానలు మొదలైన తొమ్మిదో రోజున ఆమె పోయింది. కబురంది, వాగులు దాటి అతను ఇల్లు చేరేసరికి మూడో దినం జరుగుతోంది. మనిషి దక్కలేదు, కడచూపూ దక్కలేదు. వాడి దగ్గర నేనున్న, ఎవ్వరేడ్వకుండ్రి అని చెప్పి పోయిందని నీలమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

పదకొండో దినం కూడా అయిపోయాక సంగయ్య తమ్ముడి ముందు తెల్లకాగితం పెట్టాడు. "అవ్వ బొమ్మ ఒకటి గియ్యి తమ్మీ. నా పోరగాండ్లకు సూపెట్టాలె," అని ఎదురుగా కూర్చున్నాడు.

మాణిక్యప్ప పెన్సిల్ తీసుకున్నాడు. భుజాలు గీశాడు. కొంగు ఎడమ భుజం మీద సరిగ్గానే వేశాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. సంగయ్య చాలాసేపు చూసి, ఎడ్లకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లాడు.