రెండు ప్రాసెసర్ల పందెం

ఆ వీడియో స్టూడియో యజమాని ఆమెకు చినమామ, అంటే భర్తకు స్వయానా చిన్నాన్న. ఆ వరసే అడ్డురాకపోతే ఈ ఉద్యోగాన్ని ఎప్పుడో అతని మొహాన కొట్టి ఉండేది. ఆ రోజు పొద్దున్నే అతని అల్లుడు, కంప్యూటర్ల దుకాణం నడిపేవాడు, చంకలో కొత్త లాప్‌టాప్ పెట్టుకుని, సెంటు వాసన ముందూ తాను వెనకా అన్నట్టు దిగాడు.

"చూడు చెల్లెమ్మా, బీరువాలాంటి నీ డెస్క్‌టాప్‌లో ఉన్న ప్రాసెసరే ఇందులోనూ ఉంది. పేరూ అదే, నంబరూ అదే. బరువు మాత్రం పసిపిల్లంత!"

"పేరు ఒకటైతే పనితనం ఒకటవుతుందా అన్నయ్యా? మీ పేరే ఉన్నవాడు మా వీధిలోనూ ఉన్నాడు. పాపం, కష్టపడి పనిచేస్తాడు."

చినమామ కిసుక్కున నవ్వబోయి, అల్లుడి మొహం చూసి దాన్ని దగ్గు కింద మార్చేశాడు.

లాప్‌టాప్ వస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కిందటేడు చినమామ ఓ పాతది అంటగట్టి ఇంటికి పంపాడు. సాయంత్రాలు ఒక చేత్తో ఎవరి పెళ్ళి వీడియోనో కోస్తూ, రెండో చేత్తో కూతురికి తినిపించేది. ఒకనాడు ముద్ద పిల్ల చెవికి తగిలింది. పిల్ల ఏడవలేదు, అలవాటైనదానిలా తుడుచుకుంది. ఆ లాప్‌టాప్ పాడయ్యాకే సాయంత్రాలు మళ్ళీ తల్లీకూతుళ్ళవయ్యాయి.

"పందెం మామయ్యా," అంది. "ఒకే పెళ్ళి వీడియోని రెండింట్లోనూ ఎక్స్‌పోర్ట్ పెడదాం, కోసి అతికించిందాన్ని ఒక్క ఫైలుగా ఏది ముందు తీస్తే అదే గెలిచినట్టు. లాప్‌టాప్ గెలిస్తే మారుమాట లేకుండా ఇంటికి మోసుకెళ్తా. నా డెస్క్‌టాప్ గెలిస్తే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు."

"సరే! మాటంటే మాటే."

"వీడియో అంతా ఎందుకు, ట్రైలర్ ముక్క చాలదూ?" అని అల్లుడు నసిగాడు.

"గుమ్మం దాకా ఎవరైనా పరిగెడతారు అన్నయ్యా. వీధి చివరిదాకా పరిగెత్తమనండి."

మొదట్లో లాప్‌టాప్ దూసుకుపోయింది. అల్లుడు మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి దాని అడుగు పెనంలా కాలింది, ఫ్యాను కీచుమంది, వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే కుదించుకుంది. ఆమె ఎదురుచూసింది ఇదే. కానీ డెస్క్‌టాప్ అంతకంటే ముందే నీరసపడిపోయింది! పేరు ఒకటే అయినా కరెంటు ఎక్కువ తాగేది, గాలి ఆడటానికి అంత చోటున్నది, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ ఓడిపోయింది.

అల్లుడు లాప్‌టాప్‌ని సంచిలో పెట్టబోయాడు. ఆమె ఆగమని, డెస్క్‌టాప్ ఆపి, స్క్రూలు విప్పి పక్క రేకు లాగింది.

ప్రాసెసర్ మీది ఫ్యానుకి జిడ్డు దుమ్ము కంబళిలా పట్టి ఉంది. దాన్ని గోటితో లాగితే చర్మంలా ఊడి వచ్చింది. అందులో బిస్కెట్ పొడి, చినమామ సిగరెట్ బూడిద, ఉండలు చుట్టుకున్న పొడుగాటి వెంట్రుకలు. ఆ వెంట్రుకలు తనవే. రేకుల సందుల్లో బొద్దింకలు వేడికి ఎండి, కాళ్ళు ముడుచుకుని, కమురు వాసన కొడుతున్నాయి. ఇన్నేళ్ళూ దీని పక్కనే కూర్చుని తిన్నది. లోపల ఏముందో ఒక్కసారైనా విప్పి చూడలేదు. తన ఒళ్ళే తనకు కంపరమెత్తింది.

అల్లుడు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఛీ ఛీ! మా పెళ్ళి వీడియో చేసింది ఇందులోనా?"

"అవును. కానీ మీ పెళ్ళిలో మీరు తిన్నన్ని స్వీట్లు ఈ బొద్దింకలు కూడా తిని ఉండవు." ఆమె చినమామ వైపు తిరిగింది. "గొంతు నొక్కి పరిగెత్తమంటే ఇదేం పందెం మామయ్యా? తుడిచి మళ్ళీ పెడతా."

"పెట్టమ్మా, పెట్టు. నాకేం?" అన్నాడు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని ఆమెకు ఆ క్షణంలో తోచలేదు.

బ్రష్షుతో గీకింది, గుడ్డతో తుడిచింది. ఈసారి డెస్క్‌టాప్ మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో నడిచి, లాప్‌టాప్ ఇంకా రొప్పుతుండగానే పని ముగించేసింది.

"భేష్!" చినమామ చప్పట్లు కొట్టాడు. "పాతదని దీన్ని తీసేద్దామనుకున్నా. ఇక తియ్యను. పగలు దీనిమీద చెయ్యి, ఇంటికెళ్ళాక దానిమీద చెయ్యి. రెండూ ఉంటే పని రెండింతలు!"

"మరి మాటంటే మాటే అన్నారు?"

"ఇంట్లోవాళ్ళ మధ్య పందేలేంటే పిచ్చిదానా? ఏదో సరదాకన్నాం." లాప్‌టాప్‌ని సంచిలో దూర్చి, దాని పట్టీని చిలక్కొయ్యకి తగిలించినట్టు ఆమె భుజానికి తగిలించాడు. తల నిమిరాడు కూడా.

డెస్క్‌టాప్ విప్పినప్పుడు కూడా ఆమెకు ఇంత రోత పుట్టలేదు. దుమ్ముకి బుద్ధి లేదు, ఎక్కడ వీలైతే అక్కడ పేరుకుంటుంది. ఈ మనిషి నవ్వుతూ, వరస కలుపుతూ, పక్కన కూర్చునే పేరుకుపోయాడు. తానే విప్పి చూసుకోలేదు.

ఆమె పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి, సంచిని అల్లుడి ఒళ్ళో పెట్టింది.

"అన్నయ్యా, మీ సరుకు మీరే పట్టుకెళ్ళండి. పసిపిల్లంత బరువన్నారుగా, ఆడించుకోండి. మామయ్యా, సాయంత్రం దాటితే నేను మీకు కోడల్నే. ఎడిటర్ని కాను. కుదరదంటే రేపు పొద్దున కూడా కాను."

"ఎంత మాటన్నావే! మా అన్నయ్యకి, మీ మామగారికి చెప్తా!"

"చెప్పండి. నేనూ చెప్తా, రెండు పందేల సంగతీ."

చినమామ అల్లుడి వంక చూశాడు. అల్లుడు సంచి జిప్పు సరిచేసుకోవడంలో మునిగిపోయాడు. ఆమె చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది.