చెంగమ్మ చేతి కొలత

నేను ఒక ఒంటి గొట్టం తుపాకిని. ఒకసారికి ఒకే తూటా, కాబట్టి తొందరపడేవాళ్లకు నేను పనికిరాను. మదనపల్లెలో తుపాకులు బాగుచేసే ఖాదర్‌వలీ సాయిబు తండ్రి నన్ను గంగిరెడ్డి కోసం చేశాడు. గంగిరెడ్డి ఆరడుగుల మనిషి. ఆయన చెయ్యి కొలిచి, భుజానికి ఆన్చే నా కట్టెను ఇరుగుడు మాను చేవతో అంత పొడుగున చెక్కాడు మహానుభావుడు.

నా పని పంట కాపలా. నేను పడగొట్టిన అడవిపందులు తక్కువ, ఉరికించినవి ఎక్కువ. పాపం, వాటికీ ఆకలేగా అంటారు పట్నం వాళ్లు. ముట్టె పెట్టి తిరగేసిన వేరుశనగ చేను చూశాక ఆ మాట అనరు.

గంగిరెడ్డి కామెర్లతో పోయాడు. చేనూ, లైసెన్సూ, నేనూ ఆయన భార్య చెంగమ్మ పాలబడ్డాం. ఆమె పొట్టి మనిషి. నా కట్టె ఆమె భుజానికి కుదరక చంకలో ఇరికేది. పేల్చినప్పుడల్లా చంక కమిలేది, తూటా ఎక్కడికో పోయేది. అయినా ఒక్కనాడూ నన్ను తిట్టలేదు తల్లి.

ఎన్నికలొస్తే ఊళ్లో తుపాకులన్నీ పోలీసు స్టేషనుకు పోవాలి. పోట్లాడుకునేది మనుషులు, జైలు మాకు. పోయేముందు మా మూతిలో గుడ్డ కుక్కడం ఆనవాయితీ. ఆ ఏడు చెంగమ్మ మరిచింది. మూడు నెలలు అక్కడ పడి ఉంటే నా గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది.

ఇంటికొచ్చేసరికి వేరుశనగ ఊడలు దిగి కాయ పడుతోంది. తెల్లవారుజామున పందులు పడ్డాయని విని, గొట్టంలోకి చూడకుండానే నన్ను పేల్చింది. మట్టి అడ్డుపడి నా కొస అరటితొక్కలా చీలింది. చీలింది కొసన గనుక ఆమె చేతికి గీత పడలేదు. ఆ ఒక్క మేలుకు నేను ఈనాటికీ దేవుణ్ణి తలచుకుంటాను. కానీ సగం చేను పోయింది. మిగతా సగమూ పోతే వచ్చే ఏటికి విత్తనం కూడా ఉండదు.

మరమ్మతుకు స్టేషనులో కాగితాలు రాయించుకుని నన్ను ఖాదర్‌వలీ సాయిబు దగ్గరికి తీసుకుపోయింది. కొత్త గొట్టం వేస్తానన్నాడు. తర్వాత ఆమె మోచేతి నుంచి వేలిదాకా కొలిచి, నా కట్టె నాలుగు వేళ్ల మేర కొయ్యాలన్నాడు. చెంగమ్మ నన్ను వెనక్కి లాక్కుంది.

"వద్దు సాయిబూ. అది మా ఆయప్ప కొలత."

"కొయ్యకుంటే కొత్త గొట్టమూ దండగే అక్కా. ఆయప్ప పోయి ఆరేండ్లాయె. పందులకు తెలిసిపోయింది, నీకే ఇంకా తెలీలే."

ఆమె నా కట్టె అంచును, గంగిరెడ్డి భుజం రాసి రాసి నున్నబడ్డ చోటును, బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

"కొయ్యి," అంది చివరకు. "నేను బయట నిలబడతా."

రంపం పడితే నొప్పి లేదని అబద్ధమాడను. కానీ నాలుగో రోజు పొద్దున, మంచులో పందుల గుంపు చేనుకు దిగినప్పుడు, నేను మొదటిసారి ఆమె భుజం గూటిలో సరిగ్గా కూర్చున్నాను. ఆమె ఊపిరి బిగబట్టింది. నేను పలికాను. ముందున్న ముసలి పంది ఒరిగింది. మిగతావి గుట్టెక్కి మళ్లీ ఆ పంటకు రాలేదు.

చెంగమ్మ గట్టు మీద కూలబడి, ఒక కాయ పీకి, మట్టి కూడా దులపకుండా నమిలింది. గింజ పాలు పట్టింది. దండం పెడదామంటే నాకు చేతులు లేవు. ఆమె చెయ్యి మాత్రం నా మీదే ఉంది.