గురువారం నాటి గీత

నేను ఒక బారోగ్రాఫ్‌ని. పేరు గట్టిగా ఉంది గాని నా పని చిన్నదే. గాలి బరువు పెరిగితే నా కలం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. వారానికోసారి పూర్తిగా తిరిగే డబ్బాకి చుట్టిన కాగితం మీద ఊదా సిరాతో ఆ సంగతి గీస్తూ ఉంటాను. వాన పడుతుందనో, మంచు కురుస్తుందనో నేనెప్పుడూ అనలేదు. అనేది మనుషులు. అన్నది జరగకపోతే నన్ను తిట్టేదీ వాళ్ళే. ఇప్పుడు ఒక ప్రభుత్వ గోదాములో, కాళ్ళు విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. సిరా ఎండిపోయింది, డబ్బా తిరగడానికి కీ ఇచ్చేవాళ్ళు లేరు. చెప్పుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది.

పుణెలో ఒక వర్క్‌షాపులో పుట్టాను. మొదటి పద్దెనిమిదేళ్ళు సముద్రం ఒడ్డున ఒక చిన్న రేవు ఆఫీసులో గడిచాయి. తుపాను రోజుల్లో పడవలవాళ్ళు కిటికీ దగ్గర గుమిగూడి దేవుణ్ణి చూసినట్టు నన్ను చూసేవారు. మిగతా రోజుల్లో గుమాస్తా నా అద్దాల పెట్టె మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. రేవు మూతపడ్డాక నన్ను ఉత్తరాదికి, హిమాలయాల్లోని ఒక చలిలోయకి పంపించారు. అక్కడ గాలి ఎంత పలచనంటే, చేరిన రోజున నా కలం కాగితం అడుగుకి పడిపోయింది. మరమ్మతువాడు మర సరిచేసి మళ్ళీ మధ్యకి తెచ్చాడు.

అక్కడి వాతావరణ కేంద్రం రెండు గదుల రాతి ఇల్లు. దాన్ని చూసుకునేవాడు తవిటినాయుడు. సోంపేట అవతలి పల్లెవాడు. నలభై దాటాయి, భార్యని ఊళ్ళోనే ఉంచి ఒంటరిగా ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళతో హిందీ మాట్లాడేవాడు గాని నాతో మాత్రం తన యాసే. రోజూ పొద్దున్న అద్దం మీద వేలితో తట్టి, "ఏటి ముసిల్దానా, ఏటి సంగతి?" అనేవాడు. అన్నేళ్ళలో నన్ను పలకరించినవాడు అతనొక్కడే.

ఆ ఏడు సెప్టెంబరు మొదటి వారంలో పై ఆఫీసు నుంచి శరత్కాలపు అంచనా వచ్చింది. ఉత్తర పర్వత ప్రాంతంలో ఈ శరత్తు మామూలు కంటే వెచ్చగా, పొడిగా ఉంటుందనీ, అక్టోబరు నెలాఖరు దాకా చెప్పుకోదగ్గ మంచు పడదనీ అందులో ఉంది. నాయుడు దాన్ని ఊళ్ళోవాళ్ళకి చదివి వినిపించాడు. వింటున్నవాళ్ళలో ఇద్దరికి అది ముఖ్యమైన కబురు. ఒకరు పక్కింటి పల్మో. భర్త పోయాక బంగాళాదుంపల చేను ఒక్కతే సాగు చేసుకుంటోంది. రెండోవాడు రేలూ రామ్, గొర్రెల కాపరి. ఏటా వేసవిలో మందతో వచ్చి, మంచు పడకముందే కనుమ దాటి అవతలి జిల్లాకి పోతాడు.

"దుంప తోలు ఇంకా ముదరలేదు. అయితే ఇరవై రోజులు ఆగుతాను," అంది పల్మో.

"పైన పచ్చిక బ్రహ్మాండంగా ఉంది. నేనూ ఆగుతాను. కాగితం మీద రాసుంది కదా, నాయుడు జీ?" అన్నాడు రేలూ రామ్.

"రాసుంది," అన్నాడు నాయుడు.

ఆ నెల మూడో గురువారం తెల్లవారేసరికి నా కలం దిగడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, మెట్లు దిగినట్టు. ఎనిమిదిన్నరకి నాయుడు వచ్చి తట్టాడు. ఇంకో గీతంత దిగింది. సోంపేట తుపాన్లలో పెరిగినవాడికి ఆ దిగడం ఏమిటో చెప్పక్కర్లేదు. సరిపోల్చుకుందామంటే పక్కనుండే పాదరసం గొట్టం వేసవిలోనే పగిలిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. సాక్ష్యానికి నేనొక్కదాన్నే.

వైర్లెస్‌లో పై ఆఫీసుకి చెప్పాడు. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "అంచనాలో మార్పు లేదు. మీ పరికరం పాతది, పరీక్షించండి. సొంతంగా ఎలాంటి హెచ్చరికా చేయవద్దు."

ఆ చివరి మాటకి కారణం ఉంది. రెండేళ్ళ కిందట వడగళ్ళు పడతాయని నాయుడు తనంతట తనే ఊరంతా చెప్పాడు. జనం పచ్చి బఠాణీ గింజ కట్టకుండానే కోసేశారు. వడగళ్ళు పడలేదు. ఆ ఏడంతా ఊళ్ళో ఎవరూ అతనితో సరిగ్గా మాట్లాడలేదు. పై నుంచి మందలింపు కాగితం కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా అతను నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయట ఎండ పసుపులా కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒకసారి లేచి చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. పల్మో చేలో పాట పాడుకుంటూ కలుపు తీస్తోంది. తిరిగొచ్చి కూర్చున్నాడు. "నువ్వు నిజవే సెప్తన్నావా? మళ్ళీ నన్ను నవ్వులపాలు సెయ్యవు కదా?" అని అడిగాడు. నాకు కలం తప్ప నోరు లేదు. అది ఇంకో గీత దిగింది.

శుక్రవారం పొద్దున్న నన్ను చూసి ఇక ఆగలేదు. పల్మో తలుపు బాది, "దొరికినంత తవ్వెయ్యి, అందర్నీ పిలువు," అని చెప్పి, కోటు తగిలించుకుని పచ్చిక వైపు ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగు గంటల ఎక్కుడు. అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత అతను పల్మోకి చెబుతుంటే విన్నాను. అతను మంద దగ్గరికి చేరేసరికి మొదటి మంచు పలుకులు రాలుతున్నాయట. కనుమ అప్పటికే తెల్లబడిందట. ఇద్దరూ మందని లోయ వైపు మళ్ళించారు. మంచు మూడు రోజులు ఆగకుండా కురిసింది. మూడొందల చిల్లర జీవాల్లో కిందికి చేరినవి తొంభై. కూరుకుపోయిన గొర్రెల్ని తవ్వితీయబోయి రేలూ రామ్ ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. పల్మో చేలో సగం దుంప ఇంటికి చేరింది, సగం నేలలోనే గడ్డకట్టి కుళ్ళింది.

రెండు వారాల తర్వాత, దారులు తెరుచుకున్నాక ఒక ఫారం వచ్చింది. పరికరం లోపం వల్ల ముందుగా తెలుసుకోలేకపోయామని రాసి సంతకం పెట్టి పంపమన్నారు. నాయుడు దాన్ని బల్ల మీద పెట్టి మూడు రోజులు ముట్టుకోలేదు.

"పెట్టెయ్ సంతకం. ఇనప పెట్టెకి పరువేం పోతుంది? నీ ఉద్యోగం నిలబడుతుంది," అంది పల్మో.

నేను ఇత్తడిదాన్ని. అయినా ఆమె మాటలో తప్పేముంది?

నాలుగో రోజున పల్మో అక్కడ టీ కాస్తుంటే రేలూ రామ్ వచ్చాడు. చేతికి కట్టు ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, "మీ పెట్టె చెడిపోయిందట కదా, నాయుడు జీ. పల్మో చెప్పింది. అయితే మీరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు.

ఊఁ అంటే చాలు. నాయుడు అలమర తెరిచి ఆ వారపు కాగితం తీశాడు. రేలూ రామ్‌కి చదువు రాదు. నాయుడు అతని కుడిచేతి వేలు పట్టుకుని గీత మీద పెట్టాడు.

"ఇది బుధవారం. ఇదిగో, ఇక్కడ గురువారం పొద్దున్న. ఇక్కణ్ణుంచి దిగింది. పెట్టె చెడిపోలేదు. నాకు గురువారమే తెలుసు. నీ దగ్గరికి శుక్రవారం వచ్చాను."

రేలూ రామ్ వేలు ఆ గీత వెంట మెల్లగా కిందికి జారింది. అడుగుదాకా వెళ్ళి ఆగింది.

"గురువారం పొద్దున్న వచ్చుంటే దాటేసేవాణ్ణి," అన్నాడు.

"అవును."

"ఎందుకు రాలేదు?"

"భయపడ్డాను. మంచు పడుతుందని కాదు, పడకపోతే ఏమంటారోనని."

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను. రేలూ రామ్ కాగితం వదిలేసి, తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. పల్మో పెట్టిన టీ ముట్టలేదు. అప్పుడు నాయుడు ఫారం దగ్గరికి లాక్కుని రాశాడు. రాస్తూ అలవాటుగా పైకి చదువుకున్నాడు. "పరికరం సక్రమంగా పనిచేసింది. పరిశీలకుడు ఒక రోజు ఆలస్యం చేశాడు." కింద సంతకం పెట్టాడు. దాని ఫలితంగా అతనికి ఇంటి వైపు రావలసిన బదిలీ ఆగిపోయింది. ఆ కబురు వచ్చిన రోజున భార్యతో ఫోన్లో ఏదో సర్దిచెప్పాడు. ఆమె ఏమందో నాకు వినబడలేదు.

మరుసటి ఏడు మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. పై ఆఫీసు అంచనా కూడా వచ్చింది. నాయుడు దాన్ని వినిపించి, "ఇది వాళ్ళ మాట. రోజు సంగతి రోజూ నేను చెబుతాను," అన్నాడు. జనం తలలూపారు గాని, పల్మో దగ్గర్నుంచి అందరూ అప్పటికే దుంపలు తవ్వడం మొదలుపెట్టేశారు.

రెండో వారంలో ఒక పొద్దున్న గొర్రెల గంటలు వినిపించాయి. రేలూ రామ్ తన చిన్న మందని తోలుకుంటూ వచ్చి కంచె బయట ఆగాడు. ఏడాదిగా అతను ఆ ఇంటి వైపు చూడలేదు. నాయుడు పరుగున బయటికి వెళ్ళాడు.

"ఏమంటోంది మీ పెట్టె?" అని అడిగాడు రేలూ రామ్.

నాయుడు లోపలికొచ్చి నన్ను తట్టి, రెండుసార్లు చూసి, కిటికీలోంచి కేకేశాడు. "నిలకడగా ఉంది! నాలుగు రోజులు ఢోకా లేదు. పైన పచ్చిక ఇంకా ఉందిగా, మేపుకో. దిగితే ఆ క్షణమే నేనే వచ్చి చెబుతాను, ఒట్టు!"

రేలూ రామ్ కర్ర భుజం మీద వేసుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు.

"మీరు వస్తారు, నాయుడు జీ. నాకు తెలుసు," అన్నాడు. "నేనే ఆగలేను."

మందని కనుమ వైపు మళ్ళించాడు. నాయుడు కిటికీ పట్టుకుని, గంటల చప్పుడు పూర్తిగా పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.