అత్తగారి తనిఖీ

తెల్ల దుప్పటిని దండెం మీద ఆరేసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా క్లిప్పులు పెట్టి, కోడలు వెనక్కి జరిగి చూసుకుంది. డాబా మీంచి కరెంటు ప్లాంటు పొగగొట్టం ఎదురుగా కనిపిస్తుంది. అలాంటి గొట్టాల డ్రాయింగులు గీస్తూనే ఆమె జుట్టు సగం నెరిసింది. ఆఫీసులో ఆమెను గొట్టాలక్క అంటారు. ఆ పేరంటే ఆమెకూ ఇష్టమే.

"ఇంకాస్త ఇటు జరుపు. గాలి ఇటే కదా," అంది అత్తగారు పీట మీద కూర్చుని.

కోడలు కాపురానికి వచ్చిన నాటినుంచీ అత్తగారిది ఒకటే ఫిర్యాదు, మీ గొట్టం నా బట్టల మీద ఉమ్ముతోందని. ఆ ప్లాంటు యజమాని కోడలే అన్నట్టు నిలదీసేది. కోడలూ ఊరుకునేది కాదు. ఇంట్లో మూడో మనిషి, అంటే ఆమె భర్త, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు కాబట్టి, సందడంతా వీళ్లిద్దరిదే.

పొగలోని గంధకాన్ని సున్నపునీళ్లతో కడిగి వదలాలని ప్లాంటువాళ్లు నిర్ణయించారు. కడిగిన పొగ తడిగా ఉంటుంది. పాత గొట్టం ఆ తడికి ఆగదు. కొత్తది కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని పాతదాని కడుపులోనే తడికి చెడని ఒక గొట్టాన్ని వేలాడదీయవచ్చని గొట్టాలక్క గీసి చూపించింది. ఇంకా సన్నగా చేస్తే ఇంకా చవక కదా అన్నారు పైవాళ్లు. సన్నగా చేస్తే పొగ విసురుగా పోతూ పుల్లటి నీటిచుక్కల్ని కూడా లాక్కుపోయి ఇళ్ల మీద చల్లుతుందని ఆమె మంకుపట్టు పట్టింది. వెడల్పు తగ్గించనివ్వలేదు. పైగా చుక్కల్ని పట్టుకోవడానికి లోపలి గోడకు సన్నటి కాలువలు పెట్టించింది.

ఇవాళ అందులోంచి మొదటిసారి పొగ వదులుతున్నారు. ఆరేసిన దుప్పటి మీద చుక్క పడకపోతే, ఇలాంటి పనికే సాయంత్రం బండిలో వేరే ఊరి ప్లాంటుకు వెళ్లాలి. ఏడాది పని. పడితే ఇక్కడే ఉండి సరిచేయాలి.

ప్లాంటులో పెద్ద ఇంజనీరు మీటర్లన్నీ చూసి తల ఊపాడు. "అంతా బాగానే ఉందమ్మా. ఇక నిశ్చింతగా బయల్దేరు."

"ఇంకో తనిఖీ ఉంది సార్. మా అత్తగారిది."

ఆయన పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం కోడలు ప్లాంటు హెల్మెట్‌తోనే డాబా ఎక్కేసరికి అత్తగారు దుప్పటికి ముక్కు ఆనించేటంత దగ్గరగా నిలబడి, కళ్లజోడు సర్దుకుంటూ అంగుళం అంగుళం వెతుకుతోంది. ఒకచోట ఆగింది. ఆమె మొహం చేటంత అయింది.

"ఇదిగో, చుక్క."

కోడలు గబుక్కున దగ్గరికి వచ్చింది. వంగి చూసి, గోటితో గీకి, ఊపిరి పీల్చుకుంది. "చుక్క కాదు అత్తయ్యా. చిరుగు దగ్గర మీరు వేసిన దారం ముడి."

అత్తగారు దుప్పటి తిరగేసింది. అటువైపూ ఏమీ లేదు. మళ్లీ ఇటు తిప్పింది. "పోనీ రేపటిదాకా ఉంచి చూడకూడదూ? రేపు గాలి ఎటు తిరుగుతుందో ఏమో."

ఇన్నేళ్లూ మరక పడిందని దెబ్బలాడిన మనిషి, ఇవాళ మరక కోసం వెతుకుతోందని కోడలికి అప్పుడు అర్థమైంది. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి.

"సెలవులకి వస్తానుగా అత్తయ్యా."

"వస్తావులే. ఈలోగా నేనెవరితో దెబ్బలాడాలి? నీ మొగుడితోనా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. కింద పెట్టె బండిలో పెడుతున్న భర్త తలెత్తి ఓసారి చూసి, ఎప్పటిలాగే తన పనిలో పడ్డాడు.

బండి ఎక్కాక గుర్తొచ్చింది, హెల్మెట్ డాబా పిట్టగోడ మీదే మరిచిపోయానని. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"అక్కడ కొత్తది ఇస్తార్లే. ఇది నాక్కావాలి," అంది అత్తగారు పైనుంచి.

బండి కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. దుప్పటి తీసేసిన దండేనికి పట్టీతో కట్టిన పసుపు హెల్మెట్ అప్పటికే తలకిందులుగా వేలాడుతోంది, నిండా బట్టల క్లిప్పులతో.